తుఫానుతో మీకు గల సంబంధం

సముద్రం మీద గాలి ఎంత వేగంగా వీచినా సరే, దానికొక అంకె వచ్చి, ఆ అంకె వెబ్‌సైటులోకి ఎక్కి, ఆ వెబ్‌సైటును ఎవరో ఒకరు తెరవగలిగేదాకా అది గాలి కిందికి రాదు. పరిపాలనకు ఇది మూలసూత్రం. దీన్ని కాదన్న గాలి ఇంతవరకు లేదు. (చెట్లు కాదన్నాయంటారు. అవి పడిపోయాయి కాబట్టి వాటి వాదన వినడం కుదరలేదు.)

ఈ సూత్రం మీద నడిచే ఒక చేపల రేవులో జెండా గుమాస్తా అనే ఉద్యోగం ఉంది. పద్నాలుగేళ్ళుగా ఆ కుర్చీలో ఉన్నది ఒకావిడ. ప్రమాదం ఉంటే ఎర్రజెండా ఎత్తడం, పోయాక దించడం ఆమె పని. రేవులో అందరికీ ఆమె జెండా అక్క. సొంత తమ్ముడు, అదే రేవులో పడవ నడిపే సరంగు, మామూలుగా అక్కా అని, ఒళ్ళు మండించాలనుకున్నప్పుడు జెండా అక్కా అని పిలుస్తాడు.

జెండా ఎత్తాలంటే తీవ్రత సంఖ్య కావాలి. ఉపగ్రహం పైనుంచి మేఘాల ఫొటో తీస్తుంది. తుఫాను అంచనా కేంద్రంలో కూర్చున్నవాళ్ళు ఆ ఫొటో చూసి, మేఘం ఎన్ని చుట్లు తిరిగిందో, నడుమ కన్ను తెరుచుకుందో లేదో లెక్కగట్టి, ఒకటి నుంచి ఎనిమిది లోపు ఒక సంఖ్య వేస్తారు. సంఖ్య అరకి అర చొప్పున పెరుగుతుంది. 2.5 వస్తే జెండా ఎత్తాలి. 2.0 అయితే ఎత్తకూడదు. సంఖ్య దొరక్కపోతే ఏం చేయాలన్నది నిబంధనల పుస్తకంలో లేదు. ఆ పుస్తకం రాసినవాళ్ళు సంఖ్య కోసం ఎప్పుడూ వెతకలేదు కాబట్టి, దొరక్కపోవడం అనే సంగతి వాళ్ళకు తట్టలేదు.

ఆమెకు ముందు ఆ కుర్చీలో ఉన్నాయన ఒకసారి ఆకాశం చూసి జెండా ఎత్తాడు. తుఫాను వచ్చింది కూడా. ఆకాశం ఆమోదిత పత్రం కాదని తేల్చి, ఆయన్ని వరండా చివర పాత కాగితాల గదికి మార్చారు. ఆ గదికి కిటికీ లేదు. (మార్చడంలో ఉద్దేశమే అది.)

జెండా లేకపోతే మాకేం, మా ఇష్టం, మేం వెళ్ళం అనడానికి పడవలవాళ్ళకు వీలుంటుంది కదా అని బయటివాళ్ళు అడుగుతారు. వీలుండదు. రేవులో పడవలకు వంతులున్నాయి. జెండా లేని రోజున వంతు వచ్చి ఆగిన పడవ వరస చివరికి పోతుంది, మళ్ళీ వంతు రావడానికి పదహారు రోజులు. అందుకని ఆ రేవులో సముద్రానికి భయపడి ఆగిన పడవ ఇంతవరకు లేదు. వంతుకి భయపడి బయల్దేరనిదీ లేదు.

ఆ గురువారం పొద్దున పదింటికి జెండా అక్క కార్యాలయం మెట్లెక్కుతుంటే, మెట్ల పక్కన వల ముందేసుకుని కూర్చున్న పిన్ని సూది ఆపింది. ఆ పిన్ని రేవులో అందరికీ పిన్నే. వలలు బాగుచేస్తుంది.

"అమ్మాయ్, జెండా ఎప్పుడెత్తుతున్నావ్?"

"ఎందుకు పిన్నీ?"

"రాత్రి నుంచి మోకాలు లాగేస్తోంది. పెద్దదే వస్తోంది."

"ఎంత పెద్దది?"

"పెద్దదే."

"ఎంత పిన్నీ? రెండా, రెండున్నరా?"

పిన్ని మోకాలి వంక చూసుకుంది. "దీనికి అంత చదువు లేదే తల్లీ," అంది.

పైన కార్యాలయంలో రేవు అధికారి కూర్చుంటాడు. ఆయనకు రేవులో దశాంశం సారు అని పేరు. చుక్క లేని అంకెను ఆయన నమ్మడు. ఒకసారి ఆయన కూతురికి తొంభై మార్కులు వచ్చాయని ఇంటి దగ్గర్నుంచి ఫోన్ వస్తే, తొంభై పాయింట్ ఎంత అని అడిగాడని చెప్పుకుంటారు. జెండా ఎత్తే తాడు పక్కన చిన్న తాళం ఉంటుంది. తాళంచెవి ఆయన సొరుగులో ఉంటుంది. అచ్చుతీసిన కాగితం మీద చుక్క ఉన్న అంకె చూస్తే సంతకం పెట్టి తాళంచెవి ఇస్తాడు.

జెండా అక్క కంప్యూటర్ ముందు కూర్చునే సరికి తమ్ముడు గుమ్మంలో ఉన్నాడు.

"ఇవాళ నా వంతు. నాలుగింటి పోటుకి బయల్దేరుతున్నా."

"ఆకాశం చూశావా?"

"చూశాను. నాకంటే ముందు నీ కంప్యూటర్ చూడాలిగా. నువ్వు జెండా ఎత్తితే ఆగుతా, ఎత్తకపోతే వెళ్తా. నాకు సముద్రంతో పేచీ లేదు, వంతుతోనే."

"నీతో ఎంతమంది?"

"నలుగురం. మొత్తం ఇరవై ఆరు పడవలు వెళ్తున్నాయి."

"నాలుగు లోపు అంకె తెస్తాను, ఉండు."

"పోయినసారి కూడా ఇట్లాగే అన్నావ్ జెండా అక్కా. అంకె వచ్చేసరికి నేను వెళ్ళి, తిరిగొచ్చి, నిద్రపోయి లేచాను."

ఆమె మౌస్ అందుకుంది. వాడు నవ్వుకుంటూ మెట్లు దిగాడు.

తుఫాను అంచనా కేంద్రం వెబ్‌సైటు తెరవగానే స్వాగతం పలుకుతుంది. పైన కేంద్రం అధిపతి ఫొటో, కింద ఆయన సందేశం, దాని కింద ఆయన మరో సందేశం ఉంటాయి. ఉపగ్రహ చిత్రాల మాట దగ్గర ఒక దండ వేసిన జ్యోతి ఫొటో ఉంది. చిత్రాల విభాగం ప్రారంభోత్సవం నాటిది. దాని మీద నొక్కితే ఆ ఫొటో పెద్దదవుతుంది. ఆమె ఇరవై నిమిషాలకు అసలు తలుపు కనిపెట్టింది. అది పేజీ అట్టడుగున, "ఈ సైటు గురించి ఫిర్యాదులు" అనే మాటకీ "టెండర్లు" అనే మాటకీ మధ్య ఉంది.

అక్కడ ఒక గడి ఉంది. తుఫాను పేరు రాయండి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సంఖ్య 2.5కి వచ్చేదాకా తుఫానుకు పేరు పెట్టరు. అప్పటిదాకా అది వాయుగుండం మాత్రమే. ఆమె గడిలో "వాయుగుండం" అని రాసింది. ఆ పేరుతో ఎవరూ నమోదు కాలేదని సమాధానం వచ్చింది. దగ్గరి పేర్లు ఇవేమో చూడమని రెండు టెండర్లు చూపించింది.

సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది. "మీ తుఫాను మాకు ముఖ్యం," అంది ఒక గొంతు. వరసలో ఏడుగురి తర్వాత ఆమె ఉందని చెప్పి, నలభై నిమిషాలు వేణువు వినిపించింది. ఆ తర్వాత సహాయాధికారి వచ్చాడు.

"పేరు చెప్పండమ్మా."

"రేవు జెండా గుమాస్తానండీ."

"మీ పేరు కాదమ్మా, తుఫాను పేరు."

"ఇంకా పెట్టలేదండీ."

"ఎందుకు పెట్టలేదు?"

"పెట్టాల్సింది మీరే కదండీ!"

"మేం కాదు. నామకరణ విభాగం. రెండున్నర వస్తే వాళ్ళు పెడతారు."

"మరి ఇప్పుడెంత ఉందండీ?"

"పేరు చెప్పండి, చూసి చెప్తాను."

పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు అని పెద్దలు ఊరికే అనలేదు. వాళ్ళూ ఎక్కడో వరసలో నిలబడే అనుంటారు.

"అయ్యా, మీ భవనం కూడా ఒడ్డునే కదా. ఒక్కసారి కిటికీలోంచి చూసి చెప్పరాదా? మా తమ్ముడు నాలుగింటికి సముద్రం మీదికి పోతున్నాడు."

అటువైపు కిటికీ రెక్కలు కొట్టుకుంటున్న చప్పుడు ఫోన్‌లో వినిపించింది.

"కిటికీలు భవనాల విభాగం కిందికి వస్తాయమ్మా," అన్నాడు సహాయాధికారి. తర్వాత గొంతు తగ్గించి, "పేరు లేని వాటికి వేరే ఫారం ఉంది. ఎవరూ నింపరు. మీరు మంచివాళ్ళలా ఉన్నారు కాబట్టి చెప్తున్నాను," అన్నాడు.

ఫారానికి పదిహేడు ప్రశ్నలు. పుట్టిన తేదీ, పుట్టిన చోటు దాకా ఆమె ఆగకుండా నింపింది. శాశ్వత చిరునామా దగ్గర "సముద్రం" అని రాసింది. ప్రస్తుత చిరునామా కూడా అదేనా అని అడిగితే టిక్కు పెట్టబోయి, ప్రస్తుతానికే అని తోచి, కొంచెం ఆలోచించి, పెట్టింది. విద్యార్హత గడి తప్పనిసరి కాదు.

పన్నెండో ప్రశ్న: తుఫానుతో మీకు గల సంబంధం. నాలుగింట్లో ఒకటి ఎంచుకోవాలి. వారసులు, బాధితులు, సంరక్షకులు, ఇతరులు.

ఆమె "ఇతరులు" నొక్కింది. ఇతరులకు ఈ సేవ లేదని వచ్చింది. "బాధితులు" నొక్కింది. జరిగిన నష్టం ఫొటో జతచేయమంది. ఇంకా నష్టం జరగలేదు. జరగలేదని రాసే చోటు ఉంది, అక్కడ రాసింది. "జరిగిన తర్వాత ప్రయత్నించండి, మీకు శుభం కలుగుగాక" అని వచ్చింది. "వారసులు" నొక్కింది. తుఫాను మరణ ధ్రువీకరణ పత్రం అడిగింది.

మధ్యాహ్నం టీ గ్లాసుతో పైకొచ్చిన తమ్ముడు ఆమె భుజం మీదినుంచి తెర చూశాడు.

"సంరక్షకులు నొక్కు."

"తుఫానుకి నేను సంరక్షకురాలినా?"

"చిన్నప్పట్నుంచి నన్ను పెంచావు. దీన్ని ఓ సాయంత్రం చూసుకోలేవా?"

నొక్కింది. పత్రం తెరుచుకుంది. "నా సంరక్షణలోని తుఫాను ప్రవర్తనకు నాదే పూర్తి బాధ్యత. దాని వల్ల ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలగకుండా చూసుకుంటాను. ఆమోదిస్తున్నాను." ఆమె ఆమోదించింది. తమ్ముడు టీ గ్లాసు బల్ల మీద పెట్టి, గోడ పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "దాన్ని కాస్త మందలించు అక్కా, పడవలో డీజిల్ పోయించాలి," అని వెళ్ళిపోయాడు. అప్పటికి రెండు దాటింది. కిటికీ అద్దం చట్రంలో గడగడలాడుతోంది.

రహస్య సంఖ్య ఫోన్‌కు పంపామని తెర చెప్పింది. ఆమె ఫోన్ చూసుకుంది. రాలేదు. రేవు తరఫున నమోదైన ఫోన్ పాత గుమాస్తాది. మార్చమని ఆమె పద్నాలుగేళ్ళలో తొమ్మిదిసార్లు దరఖాస్తు పెట్టింది. మార్చడానికి రహస్య సంఖ్య కావాలన్నారు. అది ఆయన ఫోన్‌కే వెళ్తుంది.

వరండా చివరికి పరుగెత్తింది. కిటికీ లేని గదిలో సిగ్నల్ ఉండదు.

"బాబాయ్! మీ ఫోన్ పట్టుకుని బయటికి రండి!"

పాత గుమాస్తా కాగితాల మధ్యనుంచి లేచి వరండాలోకి వచ్చాడు. పగటిపూట ఆకాశం కింద నిలబడి చాలా ఏళ్ళయింది. తలెత్తి చూశాడు. ఆగ్నేయ మూల చూశాడు, నీటి రంగు చూశాడు, వరండాలోకి చేరిన పక్షుల్ని చూశాడు.

"అమ్మాయ్, ఇవాళ..."

"అనకండి బాబాయ్! మీరు అన్నారంటే నేనూ వచ్చి మీ గదిలోనే కూర్చోవాలి. అంకె చదవండి."

ఆయన నోరు మూసుకుని ఆరు అంకెలు చదివాడు. తొంభై సెకన్ల గడువులో డెబ్బై అయిదు వరండాకే పోయాయి. పదిహేను సెకన్లలో ఆమె తిరిగి పరుగెత్తింది. గడువు ముగిసిందని తెర చెప్పింది. ఆమె మళ్ళీ పంపమని నొక్కింది. మూడోసారికి పాత గుమాస్తా వరండాలోనే నిలబడి అంకెలు కేకేస్తుంటే, కింద పిన్ని అందుకుని పైకి కేకేస్తుంటే, ఆమె టైపు చేసింది. రహస్య సంఖ్య ఆ విధంగా రేవులో అందరికీ తెలిసి, చెల్లుబాటు అయింది.

మీరు మనిషేనని నిరూపించుకోండి అంది తెర. తొమ్మిది గళ్ళలో ఆకాశం ముక్కలు చూపించి, మేఘం ఉన్న గళ్ళు గుర్తించమంది. తొమ్మిదింటిలోనూ మేఘమే. తొమ్మిదీ గుర్తించింది. తప్పు. మీరు గుర్తించిన మేఘాలు ఇంకా ధ్రువీకరణ కాలేదని వచ్చింది. ఒక్కటీ గుర్తించకుండా నొక్కింది. మీరు మనిషే, స్వాగతం అని వచ్చింది.

టైము మూడూ ఇరవై అయిదు. అంకె రావడానికి ముందు ఇంకో గడప ఉంది. మా సేవలు ఎలా ఉన్నాయో నక్షత్రాలు ఇవ్వమంది. అయిదుకి తక్కువ ఇస్తే కారణం మూడు వందల అక్షరాలకు తగ్గకుండా రాయాలి. ఆమె అయిదు ఇచ్చింది. (ఇంతవరకు అక్కడిదాకా చేరినవాళ్ళు పన్నెండుమంది. అందులో పదిమంది అయిదేసి ఇచ్చారు. మిగతా ఇద్దరు మూడు వందల అక్షరాలు రాయగలిగిన కోపంలో ఉన్నారని తర్వాత తెలిసింది.)

పేజీ వచ్చింది. పైన ముద్ర, తేదీ, సమయం ఉన్నాయి. "తీవ్రత సంఖ్య:" అని ఉంది. దాని ఎదురుగా "పరిశీలనలో ఉంది. పదకొండు పనిదినాల్లో తెలియజేస్తాం" అని ఉంది. పేజీ అడుగున అయిదు నక్షత్రాల వరస, అందులో నాలుగున్నర పసుపు రంగులో, పక్కన "సగటు 4.5" అని ఉన్నాయి.

మూడూ ముప్పై అయిదు. ఇంక వెతకడానికి చోటు లేదు. సంఖ్య ఇంకా రాలేదని కాగితం చూపించి, కనీసం అడిగి చూద్దామని ఆమె అచ్చుతీసింది. అచ్చుయంత్రంలో నల్లరంగు అయిపోవచ్చింది. పైన ఉన్న సన్న అక్షరాలు గీతల్లా పడ్డాయి. అడుగున ఉన్న అంకె మాత్రం నిండుగా పడింది.

దశాంశం సారు కళ్ళజోడు పెట్టుకుని కాగితం అందుకున్నాడు. వేలు పైనుంచి కిందికి జరుపుకుంటూ వచ్చాడు. అడుగున ఆగాడు.

"నాలుగు పాయింట్ అయిదా!"

ఆమె నోరు తెరిచింది. వెనక కిటికీలోంచి రేవు కనిపిస్తోంది. తమ్ముడి పడవ ఇంజను అంటుకుంది, పొగ లేచింది. వాడు లంగరు తాడు విప్పుతున్నాడు. వెనక ఇరవై అయిదు పడవలు వరసలో ఉన్నాయి.

ఆమె నోరు మూసింది.

"ఇంత ఉంటే పొద్దున్నుంచి ఏం చేస్తున్నావమ్మా?"

"వెతుకుతున్నానండీ."

ఇందులో అబద్ధం లేదు. ఏం చేస్తున్నావని అడిగారు, చేసిందే చెప్పింది.

ఆయన కాగితం వెలుతురుకు పట్టాడు. "ఫొటోలో నక్షత్రాలు కూడా పడ్డాయే," అన్నాడు. "పైనుంచి తీస్తారు కాబట్టి." చుక్క స్పష్టంగా ఉందో లేదో మరోసారి చూసుకుని, సంతకం పెట్టి, సొరుగు తెరిచి తాళంచెవి ఇచ్చాడు.

నాలుగుకి ఎనిమిది నిమిషాలు ఉండగా ఎర్రజెండా లేచింది. గాలికి తాడు మీద నిలబడక కొయ్యకు చుట్టుకుంది. అయినా ఎరుపు కనిపించింది. తమ్ముడు ఇంజను ఆపి, విప్పిన తాడు మళ్ళీ కట్టి, రుసరుసలాడుతూ మెట్ల కిందికి వచ్చాడు.

"ఎంతట?"

"నాలుగున్నర."

"నాలుగున్నరా? ఇందాక పన్నెండో ప్రశ్న దగ్గర ఉన్నావ్! నిజంగా నాలుగున్నరేనా?"

"నువ్వు వెళ్ళి రెండో తాడు కూడా కట్టరా ముందు."

వాడు ఆమె ముఖం వైపు చూశాడు. వెళ్ళి మూడు తాళ్ళు కట్టాడు.

తుఫాను ఆరింటికి ఒడ్డు తాకింది. పేరు పెట్టేదాకా ఆగలేదు. తెల్లవారేసరికి రెండు పడవలు వేలం షెడ్డు మీద ఉన్నాయి. కార్యాలయం పైకప్పు రేవు అవతలి ఒడ్డుకు మారింది, బదిలీ ఉత్తర్వు లేకుండానే. కిటికీ లేని గది మాత్రం చెక్కుచెదరలేదు. ఆ రాత్రి నూట పద్దెనిమిది మంది పడవలవాళ్ళు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు ఆ గదిలోనూ వరండాలోనూ పాత కాగితాల కట్టల మీద కూర్చున్నారు. పాత గుమాస్తా అందరినీ లెక్కపెట్టాడు. పిల్లల్ని రెండుసార్లు. తక్కువ రాలేదు. పిన్ని ఒక దస్త్రం మోకాలి కింద పెట్టుకుని నిద్రపోయింది.

సరిగ్గా పదకొండు పనిదినాలకు వెబ్‌సైటులో సంఖ్య వచ్చింది. కేంద్రం మాట తప్పలేదు. ఉపగ్రహ చిత్రాలు అందుకునే గొడుగు యాంటెన్నా ఆ గురువారం సాయంత్రం గాలికి కొట్టుకుపోయినందున చిత్రాలు అందలేదనీ, చిత్రం లేనప్పుడు మేఘం లేనట్టే భావించాలన్న నిబంధన ప్రకారం ఆ తుఫాను తీవ్రత 0.0గా నమోదు చేయడమైనదనీ అందులో ఉంది. రెండు అంకెలు, నడుమ చుక్క. దశాంశం సారుకు అనుమానించడానికి ఏమీ దొరకలేదు.

పై కార్యాలయం నుంచి మెమో వచ్చింది. పైకప్పు లేని గదిలో నిలబడి దశాంశం సారు చదివాడు. జెండా అక్క, తమ్ముడు ఎదురుగా ఉన్నారు. సోమవారం నుంచి ఆమె పాత కాగితాల గదిలో పని చేయాలని మొదటి పేరాలో ఉంది. ఆమె తలూపింది. ఆయన రెండో పేరాకి వచ్చాడు.

"తీవ్రత 0.0 ఉండగా జెండా ఎత్తినందువల్ల, నిబంధన ప్రకారం ఆ రాత్రి సముద్రం మీద ఉండవలసిన నూట పద్దెనిమిది మంది ఒడ్డున ఉండిపోయినట్టు తనిఖీలో తేలింది. వీరు ఏ అధికారంతో ఒడ్డున ఉన్నారో తెలియజేయాలి. లోపాన్ని సరిదిద్ది ఏడు రోజుల్లో నివేదిక పంపాలి."

తమ్ముడు మెమో వైపు వేలు చూపించాడు.

"సరిదిద్దడం అంటే ఏంటి సార్? ఇప్పుడు వెళ్ళి మునగమంటారా?"

దశాంశం సారు మెమోను మళ్ళీ మొదటినుంచి చివరిదాకా చదివాడు. వెనక్కి తిప్పి కూడా చూశాడు.

"అలాగని ఇందులో స్పష్టంగా లేదు," అన్నాడు. "అడిగి చెప్తాను."